గ్రహశకలాలూ భూమీ: ముప్పు ఎంత, కాపలా ఎంత?

సూర్యుని చుట్టూ భూమి తిరిగే దారి ఖాళీగా లేదు. సుమారు 460 కోట్ల సంవత్సరాల క్రితం గ్రహాలు రూపుదిద్దుకున్నప్పుడు వాటిలో కలవకుండా మిగిలిపోయిన రాళ్లు, ఇనుప ముద్దలు, మంచుగడ్డలు, అవి ఒకదానినొకటి ఢీకొన్నప్పుడు పుట్టిన ధూళి ఇప్పటికీ ఆ దారికి అడ్డంగా వచ్చిపోతూనే ఉన్నాయి. వాటిలో పదుల టన్నుల పదార్థం ప్రతిరోజూ భూవాతావరణంలోకి చేరుతున్నది. అందులో అత్యధిక భాగం కంటికి కనిపించనంత సన్నని ధూళి కాబట్టి నేల మీద ఉన్నవారికి దాని ఉనికే తెలియదు. ఇసుక రేణువంత కణం సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూసుకువచ్చినప్పుడు దాని ముందున్న గాలి ఒత్తిడికి లోనై, విపరీతంగా వేడెక్కి, క్షణకాలం వెలుగు గీతగా కనిపిస్తుంది. దీనినే ఉల్క అంటారు. పల్లెల్లో చుక్క రాలిందంటారు. ఆ వస్తువు పూర్తిగా కాలిపోకుండా నేలకు చేరితే దానిని ఉల్కాశిల అని, అంతరిక్షంలో సూర్యుని చుట్టూ తిరిగే రాతి లేదా లోహపు ముద్దను గ్రహశకలం అని, మంచూ ధూళీ కలిసి ఏర్పడి సూర్యుని దగ్గరకు వచ్చేసరికి ఆవిరితో, ధూళితో తోక కట్టే వస్తువును తోకచుక్క లేదా ధూమకేతువు అని వ్యవహరిస్తారు. ఏటా ఆగస్టు రెండో వారంలోనూ, డిసెంబరు మధ్యలోనూ కనిపించే ఉల్కాపాతాలు ఇటువంటి వస్తువులు తమ దారి పొడవునా విడిచిన ధూళి గుండా భూమి సాగిపోవడం వల్ల కలిగేవే గనుక, వాటిని చూసి ఆనందించవలసిందే తప్ప భయపడవలసిన పని లేదు.

భయపడవలసినది దేనికి అన్న ప్రశ్నకు జవాబు చెప్పేముందు, ఆ ప్రశ్నలోనే మూడు వేర్వేరు ప్రశ్నలు కలగాపులగమై ఉన్నాయని గుర్తించాలి. భూమి మీద ప్రాణికోటి మొత్తం నశించే ప్రమాదం ఉందా అన్నది మొదటిది. పంటలు, విద్యుత్తు, రవాణా మీద ఆధారపడిన మానవ నాగరికత కుప్పకూలే ప్రమాదం ఉందా అన్నది రెండవది. ఒక నగరమో, ఒక జిల్లానో ఒక్క పూటలో ధ్వంసమయ్యే ప్రమాదం ఉందా అన్నది మూడవది. సినిమాలూ టెలివిజన్ కార్యక్రమాలూ ఎప్పుడూ మొదటి ప్రశ్ననే పట్టుకుంటాయి. కానీ శాస్త్రజ్ఞుల లెక్కల ప్రకారం మొదటిది అన్నిటికంటే దూరమైనది, మూడవది అన్నిటికంటే దగ్గరిది. అంతకంటే ముఖ్యంగా, మొదటిదాని విషయంలో కాపలా దాదాపు పూర్తికాగా, మూడవదాని విషయంలో అది ఇంకా మొదటి మెట్ల మీదే ఉన్నది.

ప్రాణికోటిని ఆకాశం నుంచి వచ్చిన వస్తువు దెబ్బతీయగలదనడానికి తిరుగులేని సాక్ష్యం 6.6 కోట్ల సంవత్సరాల నాటిది. ఇటలీలోని గుబ్బియో పట్టణం దగ్గర సున్నపురాతి పొరల మధ్య ఒక సెంటీమీటరు మందం గల బంకమట్టి పొర ఉన్నది. దాని కింది రాతిలో ఆనాటి సముద్రపు సూక్ష్మజీవుల శిలాజాలు సమృద్ధిగా ఉండగా, పైరాతిలో వాటిలో చాలా జాతులు కనిపించవు. భూవిజ్ఞాని వాల్టర్ అల్వారెజ్, ఆయన తండ్రి, నోబెల్ పురస్కారం పొందిన భౌతికశాస్త్రవేత్త లూయిస్ అల్వారెజ్, రసాయనశాస్త్రజ్ఞులు ఫ్రాంక్ అసారో, హెలెన్ మిచెల్ కలిసి ఆ మట్టిని పరీక్షించగా ఇరిడియం అనే లోహం మామూలు కంటే సుమారు 30 రెట్లు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. ఇరిడియం భూమి పైపొరలో బహు అరుదు; భూమి తొలినాళ్లలో కరిగి ఉన్నప్పుడే అది ఇనుముతో పాటు గర్భంలోకి దిగిపోయింది. గ్రహశకలాల్లో మాత్రం అది చెప్పుకోదగినంత ఉంటుంది. కాబట్టి సుమారు 10 కిలోమీటర్ల వెడల్పు గల గ్రహశకలం భూమిని ఢీకొని, ముక్కచెక్కలై, ఆ ధూళి భూగోళమంతటా పరుచుకున్నదని వారు 1980లో ప్రతిపాదించారు. చాలామంది భూవిజ్ఞానులు మొదట దీనిని ఒప్పుకోలేదు. అంత పెద్ద దెబ్బ తగిలితే దాని గొయ్యి ఎక్కడ అని అడిగారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. మెక్సికోలోని యుకాటన్ ద్వీపకల్పంలో చమురు అన్వేషకులు అంతకుముందే గుర్తించిన, నేల అడుగున కప్పబడిపోయిన సుమారు 180 కిలోమీటర్ల వలయాకారపు గొయ్యే అదని 1991లో నిర్ధారణ అయింది. అక్కడి చిక్సులూబ్ అనే ఊరి పేరే దానికి స్థిరపడింది.

ఆ దెబ్బ తగిలిన చోట చచ్చినవాటికంటే, తర్వాతి కొన్ని సంవత్సరాలలో ఆకలితో చచ్చినవే ఎక్కువ. యుకాటన్ నేలలో గంధకంతో కూడిన జిప్సమ్ రాళ్లు దండిగా ఉన్నందువల్ల అవి ఆవిరై పైవాతావరణంలో గంధకపు సన్నతుంపరలుగా మారాయి. అడవులు తగలబడిన మసి, రాతి ధూళి దానికి తోడయ్యాయి. సూర్యకాంతి నేలకు చేరడం తగ్గిపోయి, మొక్కలూ సముద్రపు నాచూ ఆహారం తయారుచేసుకోలేక నశించగా, వాటిని తినేవి, వాటిని తినేవాటిని తినేవి వరుసగా కూలిపోయాయి. ఆనాటి జీవజాతుల్లో సుమారు నాలుగింట మూడు వంతులు, పక్షులు కాని డైనోసార్లతో సహా, అంతరించాయి. అయినా ప్రాణం పూర్తిగా తుడిచిపెట్టుకుపోలేదన్నది గమనించవలసిన విషయం. పక్షులు మిగిలాయి, మొసళ్లు మిగిలాయి, బొరియల్లో బతికే చిన్న క్షీరదాలు మిగిలాయి. ఇప్పటి మానవులు ఆ మిగిలినవాటి సంతతే.

ఈ కథలో తెలుగు నేలకు నేరుగా సంబంధించిన అధ్యాయం ఒకటి ఉన్నది, దానికి తగినంత ప్రచారం లేకపోవడం విచారకరం. సరిగ్గా ఆ కాలంలోనే పశ్చిమ కనుమల ప్రాంతం నుంచి లావా పొరలు పొరలుగా పొంగి దక్కను పీఠభూమిని కప్పివేసింది. మహారాష్ట్రలోనూ, తెలంగాణ పడమటి అంచుల్లోనూ కనిపించే నల్లరాయి అదే. ఆ లావా పొరల్లో కొన్ని నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతం తీరం వరకు వచ్చాయని, భూమి మీద గుర్తించిన అత్యంత పొడవైన లావా ప్రవాహాలు అవే కావచ్చునని కొందరు పరిశోధకులు వాదించారు. రాజమహేంద్రవరం పక్కన కాతేరులోనూ, గోదావరికి ఆవల పంగిడి, గౌరీపట్నం ప్రాంతంలోనూ కంకర కోసం తవ్వుతున్న క్వారీల గోడల్లో కింద ఒక నల్లరాతి పొర, పైన మరొక నల్లరాతి పొర, రెండింటి నడుమ తెల్లని సున్నపురాయి, మట్టి కలిసిన పలుచని పొర కనిపిస్తాయి. ఆ నడిమి పొరలో సముద్రం, నది కలిసే చోట బతికిన ఆల్చిప్పల వంటి జీవుల గుల్లలు ఉంటాయి. అంటే ఒక లావా ప్రవాహం చల్లబడి, దానిమీద నీరు నిలిచి, జీవులు పుట్టి పెరిగిన తర్వాత రెండో ప్రవాహం వచ్చి కప్పేసింది. మహావినాశానికి ముందువెనుకల కాలం ఆ గోడలో నిలువుగా నిలబడి ఉన్నందువల్లే గెర్టా కెల్లర్ వంటి శాస్త్రజ్ఞులు అక్కడి సూక్ష్మశిలాజాలను పరిశీలించి, వినాశానికి లావాయే ప్రధాన కారణమని వాదించారు. గుజరాత్‌లోని అంజార్ వద్ద లావా పొరల మధ్యనే ఇరిడియం దొరకడంతో గ్రహశకలం వచ్చి పడేనాటికే లావా పొంగుతున్నదని స్పష్టమయింది. మొత్తంమీద తుది దెబ్బ గ్రహశకలానిదేనని ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. లావా వాయువులు ముందే ప్రాణికోటిని ఎంత బలహీనపరిచాయన్న దానిపై చర్చ ఇంకా ముగియలేదు. ఆ చర్చకు ఆధారమైన రాళ్లు రోజూ కంకరగా మారి లారీల్లో తరలిపోతున్నాయి. వాటిలో ఒక ముఖ్యమైన గోడనైనా భూవిజ్ఞాన వారసత్వంగా నిలుపుకోవడం అవసరం.

చిక్సులూబ్ స్థాయి ఘటన సగటున సుమారు 10 కోట్ల సంవత్సరాలకు ఒకసారి, ఒక కిలోమీటరు గ్రహశకలం ఢీకొనడం సుమారు 5 లక్షల సంవత్సరాలకు ఒకసారి జరుగుతాయని అంచనా. ఈ సగటు రైళ్ల సమయపట్టిక వంటిది కాదు. అది సంభావ్యతను మాత్రమే చెబుతుంది. అయితే పెద్ద వస్తువుల విషయంలో ఇప్పుడు కేవలం సంభావ్యత మీద ఆధారపడవలసిన అవసరం లేదు. 1994 జూలైలో షూమేకర్-లెవీ 9 అనే తోకచుక్క ముక్కలు ఒకదాని వెంట ఒకటిగా గురుగ్రహంలోకి దూకి, భూమి అంత పెద్ద నల్లమచ్చలను మిగిల్చినప్పుడు ప్రపంచమంతా దుర్భిణుల్లో చూసింది. ఆ ముప్పు కళ్లకు కట్టిన నేపథ్యంలో 1998లో అమెరికా ప్రభుత్వం భూమి చేరువకు వచ్చే కిలోమీటరు పైబడిన గ్రహశకలాల్లో 90 శాతాన్ని కనిపెట్టే లక్ష్యం పెట్టుకున్నది. నేటికి 95 శాతానికి పైగా దొరికాయి, వాటి కక్ష్యలన్నీ లెక్కవేశారు, రానున్న వందేళ్లలో వాటిలో ఏదీ భూమిని ఢీకొట్టే దారిలో లేదు. కాబట్టి ప్రాణికోటి గురించిన మొదటి ప్రశ్నకు, నాగరికత గురించిన రెండవ ప్రశ్నలో గ్రహశకలాలకు సంబంధించినంత వరకు, ప్రస్తుత తరాలు నిశ్చింతగా ఉండవచ్చునని చెప్పడానికి గట్టి ఆధారం ఉన్నది.

తోకచుక్కలు మాత్రం ఈ హామీ పరిధిలోకి రావు. సౌరకుటుంబపు అంచుల నుంచి వేల, లక్షల సంవత్సరాలకు ఒకసారి వచ్చే వాటిని ముందుగా జాబితాకు ఎక్కించడం సాధ్యం కాదు. 1995 జూలైలో కనిపెట్టిన హేల్-బాప్ తోకచుక్క కేంద్రకం పదుల కిలోమీటర్లది. అది 1997 ఏప్రిల్‌లో సూర్యునికి అతి చేరువగా వచ్చింది. అది భూమి దారిలోనే వచ్చి ఉంటే చేతిలో రెండేళ్లు కూడా ఉండేవి కావు. కానీ అటువంటి తాకిడులు గ్రహశకలాల తాకిడుల కంటే ఎంతో అరుదు. తోకచుక్కల పట్ల జనంలో ఉండే భయం ఎప్పుడూ వేరే కారణాలదే. 1910లో హేలీ తోకచుక్క తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉన్నట్టు వర్ణపటం ద్వారా తెలియగానే, భూమి ఆ తోక గుండా వెళ్తుందన్న వార్త తోడై, పాశ్చాత్య దేశాల్లో విరుగుడు మాత్రలు సైతం అమ్ముడుపోయాయి. ఆ తోక భూమి మీది ఏ శూన్యయంత్రమూ సృష్టించలేనంత పలుచన గనుక ఎవరికీ ఏమీ కాలేదు. అదే సంవత్సరం గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’లో ఆ తోకచుక్కను ప్రస్తావించి, అది అరిష్టమన్న నమ్మకాన్ని తోసిపుచ్చారు, తెలుగులో శాస్త్రదృష్టి కవిత్వంలోకి అంత సహజంగా ప్రవేశించిన సందర్భాలు తక్కువ.

ఇక మూడవ ప్రశ్న. 2013 ఫిబ్రవరి 15 ఉదయం 9 గంటల 20 నిమిషాలకు రష్యాలోని చెల్యాబిన్స్క్ నగరం మీదుగా సుమారు 20 మీటర్ల వెడల్పు, 12 వేల టన్నులకు పైబడిన బరువు గల రాయి సెకనుకు 19 కిలోమీటర్ల వేగంతో ఏటవాలుగా ప్రవేశించింది. అంత వేగంలో వస్తువు ముందుభాగంలో గాలి గోడ కట్టినట్టవుతుంది, వెనుకభాగంలో ఒత్తిడి ఉండదు. ఆ తేడాను తట్టుకోలేక రాయి పగులుతుంది. పగిలిన ప్రతి ముక్కా మళ్లీ గాలి రాపిడికి గురై, తన చలనశక్తిని ఒక్కసారిగా వేడిగా, వెలుగుగా, పేలుడు తరంగంగా వదిలేస్తుంది. చెల్యాబిన్స్క్ రాయి ఇలా సుమారు 30 కిలోమీటర్ల ఎత్తున పేలినప్పుడు వెలువడిన శక్తి హిరోషిమా బాంబు కంటే ఇంచుమించు 30 రెట్లు. అంత ఎత్తున పేలడమే ఆ నగరాన్ని కాపాడింది. సూర్యుణ్ణి మించిన వెలుగు మొదట కనిపించగా, శబ్దం కంటే వెలుగు ఎంతో ముందు వస్తుంది కాబట్టి పేలుడు తరంగం నగరానికి చేరడానికి మరో రెండు నిమిషాలు పట్టింది. ఆ వ్యవధిలో ఏం జరిగిందో చూద్దామని జనం కిటికీల దగ్గరకు వెళ్లారు. సరిగ్గా అప్పుడే అద్దాలు పగిలి మీదపడ్డాయి. వైద్యం కోసం వెళ్లిన సుమారు 1,500 మందిలో అధికభాగం గాజుపెంకుల వల్ల గాయపడినవారే. ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలు వెలుగు చూసిన వెంటనే పిల్లలందరినీ బల్లల కిందకు దూరమని చెప్పడంతో ఆ పిల్లల్లో ఒక్కరికీ గీత పడలేదు. ఆకాశంలో అసాధారణమైన పెద్ద వెలుగు కనిపిస్తే కిటికీకి దూరంగా జరగాలన్న చిన్న జాగ్రత్త ప్రతి పాఠశాలలో చెప్పదగినది. ఆ రాతిలో అతి స్వల్పభాగమే నేలకు చేరింది. సుమారు 600 కిలోల బరువున్న పెద్ద ముక్కను అదే సంవత్సరం అక్టోబరులో చెబార్కుల్ చెరువు అడుగు నుంచి వెలికితీశారు.

దీనికంటే పెద్దది 1908 జూన్ 30న సైబీరియాలోని తుంగుస్కా నది ప్రాంతంలో పేలింది. 50, 60 మీటర్ల వస్తువు 5 నుంచి 10 కిలోమీటర్ల ఎత్తున పేలడంతో సుమారు 2,150 చదరపు కిలోమీటర్ల అడవి నేలకొరిగింది. హైదరాబాద్ మహానగర పాలక సంస్థకు చాలాకాలం ఉన్న సుమారు 650 చదరపు కిలోమీటర్ల పరిధికి ఇది మూడు రెట్లకు మించినది. 1927లో లియొనిద్ కులిక్ నాయకత్వంలో అక్కడికి చేరిన బృందానికి ఎంత వెతికినా గొయ్యి కనిపించలేదు. పేలుడు కేంద్రానికి సరిగ్గా కింద చెట్లు కొమ్మలు ఊడి స్తంభాల్లా నిలబడి ఉండగా, చుట్టూ ఉన్నవి బయటివైపుకు తలలు పెట్టి పడి ఉన్నాయి. ఆ అడవిలో జనసంచారం దాదాపు లేకపోవడం అదృష్టమే తప్ప మరేదీ కాదు. ఐక్యరాజ్యసమితి జూన్ 30ని అంతర్జాతీయ గ్రహశకల దినంగా ప్రకటించింది.

ఉల్కాశిల తగిలి మనిషి మరణించిన సందర్భాలు మాత్రం చరిత్రలో నమ్మదగిన ఆధారాలతో దాదాపు లేవు. ఇప్పటి ఇరాక్‌లోని సులైమానియా వద్ద 1888 ఆగస్టు 22న ఒకరు చనిపోయి, మరొకరు పక్షవాతానికి గురయ్యారని ఒట్టోమన్ ప్రభుత్వ పత్రాల్లో ఉన్నట్టు పరిశోధకులు 2020లో వెల్లడించారు. 2016 ఫిబ్రవరిలో తమిళనాడులోని వేలూరు జిల్లాలో జరిగిన పేలుడులో ఒకరు మరణించగా, అది ఉల్క వల్లనేనని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. అయితే అక్కడి గొయ్యి తీరు నేల మీది పేలుడునే సూచిస్తున్నదని నాసా శాస్త్రజ్ఞులు అభిప్రాయపడ్డారు, ఉల్క అనడానికి నిరూపణ దొరకలేదు. రాళ్లు పడటం మాత్రం అంత అరుదు కాదు. నెల్లూరు ప్రాంతంలో 1852లో పడిన రాతి ఉల్కాశిల యాటూరు పేరుతోనూ, ఉత్తరాంధ్రలో 1870లో పడిన ఇనుప ఉల్కాశిల నెడగొల్ల పేరుతోనూ అంతర్జాతీయ జాబితాల్లో నమోదై ఉన్నాయి. బీహార్‌లోని షెర్ఘాటీలో 1865లో పడిన రాయి అంగారక గ్రహం నుంచి ఊడివచ్చినదని తర్వాత తేలింది. పెద్ద తాకిడికి సాక్ష్యం కావాలంటే మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో లోణార్ సరస్సు ఉన్నది; దక్కను నల్లరాతిలో ఉల్క తాకిడికి ఏర్పడిన ఆ గొయ్యి వెడల్పు 1.8 కిలోమీటర్లు.

నగరాన్ని ధ్వంసం చేయగల వస్తువును ముందుగా కనిపెట్టడం ఎందుకు కష్టమన్నది తెలిస్తేనే మిగిలిన పని ఎంతో అర్థమవుతుంది. గ్రహశకలానికి సొంత వెలుగు లేదు. చాలావాటి ఉపరితలం బొగ్గులా నల్లనిది. ఒకే ఆకాశ భాగాన్ని కొంత వ్యవధితో పలుమార్లు ఫొటో తీసి, నక్షత్రాల మధ్య కదిలిన చుక్క ఏదో వెతకడమే దానిని పట్టే పద్ధతి. హవాయీలోని పాన్-స్టార్స్, అరిజోనాలోని కాటలినా, వేర్వేరు చోట్ల ఉన్న అట్లాస్ దుర్భిణులు ప్రతి రాత్రీ చేసేది ఇదే. 2008 అక్టోబరులో కాటలినా దుర్భిణి 4 మీటర్ల రాయిని పట్టుకోగా, అది 20 గంటల లోపే సూడాన్ ఎడారి మీద పడుతుందని లెక్క వేశారు. చెప్పిన చోటే, చెప్పిన వేళకే పడింది. ఖార్తూమ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎడారిలో వరుసలు కట్టి నడిచి దాని ముక్కలను ఏరారు. అంతరిక్షంలో ఉండగా చూసి, నేల మీద పడ్డాక చేతిలోకి తీసుకున్న తొలి గ్రహశకలం అదే. ఇందుకు భిన్నంగా చెల్యాబిన్స్క్ రాయి సూర్యుని వైపు నుంచి వచ్చినందువల్ల భూమి మీది ఏ దుర్భిణీ దానిని చూడలేకపోయింది.

కొత్తగా కనిపెట్టిన వస్తువు గురించి వార్తల్లో వచ్చే శాతాలు ప్రజలను తరచూ కలవరపెడతాయి. 2024 డిసెంబరు 27న చిలీలోని అట్లాస్ దుర్భిణి కనిపెట్టిన 2024 వైఆర్4 అనే గ్రహశకలం 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనే అవకాశం మొదట ఒక శాతం చుట్టుపక్కల ఉండి, 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి పెరిగి, ఆ వారం గడిచేసరికి దాదాపు సున్నాకు పడిపోయింది. అది పడగల దారి పసిఫిక్ నుంచి ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా వరకు ఉండటంతో భారత పత్రికల్లోనూ ఆందోళన కనిపించింది. శాస్త్రజ్ఞులు తడవకో మాట చెబుతున్నారని కొందరు నిందించారు, ఆ నింద సరైనది కాదు. కొద్ది రోజుల పరిశీలనతో దాదాపు ఎనిమిదేళ్ల తర్వాతి స్థానాన్ని లెక్కవేసినప్పుడు ఆ రాయి ఉండగల ప్రదేశం లక్షల కిలోమీటర్ల పొడవైన పట్టీగా తేలుతుంది. భూమి ఆ పట్టీలో ఒక చిన్న భాగాన్ని ఆక్రమిస్తుంది. పరిశీలనలు పెరిగేకొద్దీ పట్టీ కుంచించుకుపోతుంది, కానీ భూమి పరిమాణం తగ్గదు. కాబట్టి భూమి పట్టీ లోపల ఉన్నంతకాలం దాని వాటా, అంటే ఢీకొనే శాతం, పెరుగుతూనే కనిపిస్తుంది. చివరకు పట్టీ అంచు భూమిని దాటి అవతలికి జరిగిన రోజున అది ఒక్కసారిగా సున్నా అవుతుంది. శాతం పెరగడం గణితం సరిగ్గా పనిచేస్తున్నదనడానికి గుర్తు.

2004లో కనిపెట్టిన అపోఫిస్ విషయంలోనూ ఇదే జరిగింది. 2029 ఏప్రిల్ 13న అది ఢీకొనే అవకాశం ఒక దశలో 2.7 శాతానికి చేరింది. పాత ఫొటోల్లో దాని ఆచూకీ దొరకడంతో ఆ భయం తొలగింది. 2021లో రాడార్ కొలతలతో కనీసం వందేళ్ల వరకు ప్రమాదం లేదని తేలింది. సుమారు 340 మీటర్ల ఆ రాయి ఆ రోజున భూమి ఉపరితలానికి 32 వేల కిలోమీటర్ల దూరంలో, అంటే టీవీ ప్రసారాల ఉపగ్రహాల కంటే దగ్గరగా సాగిపోతుంది. ఆఫ్రికా, ఐరోపా ప్రజలు దానిని దుర్భిణి లేకుండానే చూడగలుగుతారు.

ముందుగా కనిపెడితే చేయగలిగిందేమిటన్న సందేహానికి 2022 సెప్టెంబరు 26న జవాబు దొరికింది. నాసా పంపిన డార్ట్ అనే వ్యోమనౌక భూమికి సుమారు 1.1 కోట్ల కిలోమీటర్ల దూరంలో, డిడిమోస్ అనే గ్రహశకలం చుట్టూ తిరుగుతున్న 160 మీటర్ల డైమార్ఫోస్‌ను సెకనుకు 6 కిలోమీటర్లకు పైబడిన వేగంతో కావాలనే ఢీకొట్టింది. అంతకుముందు 11 గంటల 55 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతున్న డైమార్ఫోస్, ఆ దెబ్బతో 33 నిమిషాలు తక్కువ వ్యవధిలో తిరగసాగింది. వ్యోమనౌక తోపుతో పాటు, దెబ్బకు వెనక్కి ఎగజిమ్మిన రాళ్లూ ధూళీ రాకెట్ మంటలా ఎదురు తోపునివ్వడం వల్ల ఫలితం ఆశించినదానికంటే మెరుగ్గా వచ్చింది. ఆ దెబ్బతో డైమార్ఫోస్ వేగం మారింది సెకనుకు 2.7 మిల్లీమీటర్లే. కానీ సెకనుకు ఒక సెంటీమీటరు మార్పు పదేళ్లు కొనసాగితే సూటి లెక్కలోనే వస్తువు 3 వేల కిలోమీటర్లకు పైగా జరుగుతుంది, కక్ష్యా గతి వల్ల నిజమైన తేడా అంతకంటే ఎక్కువే. అందుచేత ఈ రక్షణ అంతా ముందస్తు సమయం మీద ఆధారపడి ఉన్నది. పదేళ్ల ముందు తెలిస్తే చిన్న తోపు చాలు, పది రోజుల ముందు తెలిస్తే జనాన్ని ఖాళీ చేయించడం మినహా మార్గం లేదు. ఐరోపా అంతరిక్ష సంస్థ పంపిన హెరా నౌక డైమార్ఫోస్ మీది దెబ్బను దగ్గరగా పరిశీలించడానికి 2024 అక్టోబరులో బయలుదేరింది.

ఆకాశం నుంచి వచ్చే ఇతర ముప్పుల్లో నాగరికతకు సంబంధించి నిజంగా పట్టించుకోవలసినది సూర్యుడే. సూర్యుని మీద పేలుళ్లు జరిగినప్పుడు విద్యుదావేశం గల కణాల మేఘం బయటికి ఎగసి, భూ అయస్కాంత క్షేత్రాన్ని కుదిపివేస్తుంది. దానివల్ల పొడవైన విద్యుత్ లైన్లలో అవాంఛిత ప్రవాహాలు పుట్టి ట్రాన్స్‌ఫార్మర్లు దెబ్బతింటాయి. 1859 సెప్టెంబరులో వచ్చిన ఇటువంటి సౌర తుఫానుకు టెలిగ్రాఫ్ యంత్రాల నుంచి నిప్పురవ్వలు లేచాయి. దాని తీవ్రతను నమోదు చేసిన విలువైన కొలతల్లో బొంబాయిలోని కొలాబా పరిశోధనశాలవి ముఖ్యమైనవి. 1989 మార్చి 13న అంతకంటే చిన్న తుఫానుకే కెనడాలోని క్యుబెక్‌లో 60 లక్షల మంది 9 గంటలు చీకట్లో ఉన్నారు. ప్రాణులను ఇది నేరుగా చంపదు, వాతావరణం అడ్డుగా ఉంటుంది. కానీ ఆసుపత్రులు, నీటి సరఫరా, బ్యాంకులు అన్నీ కరెంటు మీద నడిచే కాలంలో దెబ్బ చిన్నది కాదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన భారత వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఎల్1 అనే చోట నిలబడి సూర్యుణ్ణి కనిపెట్టి చూస్తున్నది.

సూపర్‌నోవా, అంటే భారీ నక్షత్రం ఆయుష్షు తీరి పేలిపోవడం, భూమికి హాని చేయాలంటే కొన్ని పదుల కాంతి సంవత్సరాల దూరంలో జరగాలి. అంత దగ్గరలో పేలడానికి సిద్ధంగా ఉన్న నక్షత్రం లేదు, ఆర్ద్రా నక్షత్రంగా తెలుగువారు పిలిచే బెటెల్‌గ్యూస్ సైతం 500 కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలోనే ఉన్నది. గామా కిరణ విస్ఫోటనాలు మరింత శక్తిమంతమైనవే అయినా సన్నని ధారలుగా రెండు ఎదురెదురు దిశల్లో మాత్రమే సాగుతాయి గనుక భూమికి గురి కుదరడం అత్యంత అరుదు. సూర్యుని ప్రకాశం మెల్లగా పెరిగి సముద్రాలు ఆవిరయ్యే దశ రావడానికి ఇంకా సుమారు 100 కోట్ల సంవత్సరాలున్నాయి. వీటిని గురించి తెలుసుకోవడం విజ్ఞానానికి అవసరమే గాని, ఏ ప్రభుత్వమూ వీటికోసం ఈరోజు చేయవలసిన ఏర్పాటు లేదు.

గ్రహశకలాల విషయం అటువంటిది కాదు. భూమి చేరువకు వచ్చే 140 మీటర్లు, అంతకు మించినవి సుమారు 25 వేలు ఉంటాయని అంచనా. ఒక రాష్ట్రాన్ని అతలాకుతలం చేయగల వాటిలో 90 శాతాన్ని 2020 నాటికి కనిపెట్టాలని అమెరికా 2005లో చట్టం చేసినా, నేటికి సగం కూడా దొరకలేదు. తుంగుస్కా స్థాయివి రెండు లక్షలకు పైగా ఉండవచ్చు. వాటిలో పదోవంతు కూడా జాబితాకెక్కలేదు. సూర్యుని వైపు నుంచి వచ్చేవాటిని వాటి వేడిని బట్టి పసిగట్టే పరారుణ దుర్భిణి నియో సర్వేయర్‌ను, ఆదిత్య ఉన్న ఎల్1 ప్రాంతానికే పంపడానికి నాసా సిద్ధపడుతున్నది. చిలీలోని వేరా రూబిన్ పరిశోధనశాల కూడా ఈ వేటలో చేరింది. 1861లో మద్రాసు పరిశోధనశాల నుంచి ఏషియా అనే గ్రహశకలాన్ని ఖగోళశాస్త్రజ్ఞుడు పోగ్సన్ కనిపెట్టిన దేశం ఇది. 1980ల చివర ఖగోళశాస్త్రజ్ఞుడు ఆర్. రాజమోహన్ తమిళనాడులోని కావలూరు నుంచి కల్కి పేరుతో గ్రహశకలాల అన్వేషణ సాగించారు; ఆయన 1988లో కనిపెట్టిన ఒకదానికి రామానుజన్ పేరు పెట్టారు. అటువంటి అన్వేషణను ఇప్పటి పరికరాలతో నిరంతరంగా సాగించే ఏర్పాటు భారతదేశానికి అవసరం. ఈలోగా పాఠశాలలు చేయగలిగినది ఒకటి ఉన్నది. అమెరికా కేంద్రంగా నడిచే ఐఏఎస్‌సీ అనే అంతర్జాతీయ కార్యక్రమం పాన్-స్టార్స్ దుర్భిణి తీసిన చిత్రాలను విద్యార్థులకు రుసుము లేకుండా పంపి, వాటిలో కదిలే చుక్కలను వెతికిస్తున్నది. దొరికేవాటిలో చాలావరకు భూమికి దూరంగా, కుజ గురుగ్రహాల మధ్య తిరిగేవే అయినా, నేర్చుకునే పద్ధతి అసలైనదే. ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, ఆసక్తి గల ఒక సైన్సు ఉపాధ్యాయుడు ఉన్న ప్రతి తెలుగు ఉన్నత పాఠశాలా అందులో పేరు నమోదు చేసుకోవాలి.